అరగంట కలిపి చెప్పినవాణ్ణి

మొన్న శంషాబాద్ బస్టాండు దగ్గర చాయ్ తాగుతుంటే, ఎదురుగా జరుగుతున్న సభలో మైకు కీచుమంది. చెవిలో సూది గుచ్చినట్టున్న ఆ శబ్దానికి అందరం అటు తిరిగాం. ఏదో ఆరోపణలో ఇరుక్కున్న నాయకుడొకాయన సంజాయిషీ చెప్పుకోవడానికి నిలబడ్డాడు. గొంతు సవరించుకుని "పొరపాటు జరిగింది" అన్నాడు. నేను గ్లాసు బల్ల మీద పెట్టేశాను. విఠలన్న గుర్తొచ్చాడు.

విఠలన్న మా క్యాబ్ డ్రైవర్ల సంఘానికి అధ్యక్షుడు. ఇప్పుడు లేడు. ఆయన రాకముందు విమానాశ్రయం దగ్గర గొంతు పెద్దదైనవాడికే సవారీ దొరికేది. ఆయన ఒక ఖాళీ జాగా కిరాయికి తీసుకుని బండ్లన్నిటినీ వరుసలో పెట్టించాడు. వచ్చిన క్రమంలో నంబరు రాసే పద్ధతి తెచ్చాడు. తన బండి కూడా ఆ వరుసలోనే నిలిపేవాడు. ప్రమాదంలో ఎడమ మోకాలు దెబ్బతిని, క్లచ్ తొక్కలేక నేను ఇంట్లో కూర్చున్నప్పుడు వెతుక్కుంటూ వచ్చింది ఆయనొక్కడే. "కాలు పోతే పోయింది, తలకాయ ఉన్నది గద శీనూ. రేపటి సంది నంబర్లు నువ్వే రాయాలె" అన్నాడు.

నేను పదో తరగతి దాటలేదు. లెక్కలు నాకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. ఆ జాగాలో కుర్చీ వేసుకుని, ఏ విమానం ఎప్పుడు దిగుతుంది, జనం ఎంతసేపటికి బయటికొస్తారు, ఏ పూట ఎన్ని బండ్లు కదులుతాయి అని నెలల తరబడి గమనించాను. కొన్నాళ్ళకు ఎవరి వంతు ఎప్పుడొస్తుందో పొద్దున్నే చెప్పగలిగాను. ఐదు నిమిషాలు అటూ ఇటూగా నిజమయ్యేది.

"శీనన్నా, జర కునుకు తీయొచ్చునా?"

"తియ్యి. గురక మాత్రం పెట్టకు, పక్క బండోడు లేస్తడు."

మొదట్లో ఒకసారి ఒక బండి నంబరు రాయకుండా వదిలేశాను. ఆ డ్రైవరు గొడవకు దిగితే "నంబరు తప్పిందన్నా" అన్నాను. విఠలన్న విన్నాడు.

"నంబరుకు కాళ్ళున్నయా, లేచి పోనీకి? తప్పించినోడెవడు?"

"నేనే."

"గట్ల అను. అందరి ముంగట అను."

అన్నాను. ఆ డ్రైవరు కాసేపు తిట్టి, చల్లబడి, తనే చాయ్ తెప్పించాడు. తప్పు ఒప్పుకున్న మనిషి మర్నాడు కూడా తలెత్తుకుని తిరగగలడని నాకు తెలిసింది ఆ రోజే. అది నేర్పింది విఠలన్న. ఇందులో నాకు ఇప్పటికీ సందేహం లేదు.

కొన్నేళ్ళకు ఆయన కౌన్సిలర్‌గా నిలబడాలనుకున్నాడు. తెల్లచొక్కాలు వచ్చాయి, వెంట మనుషులు పెరిగారు. ఆ రోజుల్లోనే మధ్యాహ్నం పూట నా అంచనా అరగంట తప్పడం మొదలైంది. ఆ పూట విమానాలు తక్కువ, ఒక్కో బండి కదలడానికి పావుగంట పడుతుంది. అంటే నేను రాయని బండ్లు రెండు ముందుకు పోతున్నాయి. ఓ మధ్యాహ్నం కాపు కాశాను. వెనక గేటు నుంచి వచ్చాయి. విఠలన్న బావమరిది బండ్లు.

అడగలేదు. ఈ కుర్చీ పోతే ఈ మోకాలితో ఎక్కడికి పోవాలి అనుకున్నాను. మర్నాటి నుంచి, చెప్పే సమయానికి అరగంట కలిపాను. నా మాట మళ్ళీ నిజం కాసాగింది.

మధ్యాహ్నం వరుసలో ఉండేవాళ్ళలో జంగయ్య ఒకడు. పక్క ఊరి రైతు. పొలం ప్లాట్లయ్యాక స్టీరింగు పట్టాడు. అతని భార్యకు వారానికి రెండుసార్లు డయాలసిస్. పొద్దున ఆమెను దవాఖానలో దించి, వచ్చి వరుసలో నిలబడి, ఒక సవారీ చేసుకుని వెళ్ళి తీసుకురావాలి.

"ఒంటిగంటకు నా నంబరొస్తదా శీనన్నా? అయిపోయినంక ఆమె బయట మెట్ల మీద కూసుంటది."

"ఒంటిగంటన్నర."

"ఏం జేస్తం, ఫ్లైట్లు మన అత్తగారియా" అని నవ్వేవాడు. నేనూ నవ్వేవాణ్ణి.

అలా ఆరు నెలలు గడిచాక ఎవరో వెనక గేటు నుంచి ఆ బండ్లు రావడం ఫోనులో వీడియో తీసి అందరికీ పంపారు. మొదటి రోజు విఠలన్న ఫోను ఎత్తలేదు. మర్నాడు వీడియో అబద్ధమన్నాడు. ఆ మర్నాడు, తనను కౌన్సిలర్ కానివ్వకుండా పన్నిన కుట్ర అన్నాడు. నాలుగో రోజు మిట్టమధ్యాహ్నం డ్రైవర్లందరినీ, యూట్యూబ్ చానళ్ళ వాళ్ళనూ ఆ జాగాకే పిలిచి చేతులు జోడించాడు.

"నంబరు తప్పింది. రాసేటోడు పొరపాటు పడ్డడు. కాలు సక్కగ లేనోడు, పాపం, ఏమనకుండ్రి."

అంటూ నా భుజం మీద చెయ్యి వేశాడు. ఎంతో దయగా వేశాడు.

నేను నోరు తెరిచేలోపు జంగయ్య లేచాడు. "గలత్ మాట! శీనన్న తప్పు రాయడు. ఆరు నెలల్ల ఆయన చెప్పిన టైము ఒక్కనాడు తప్పలే. ఒంటిగంటన్నర అంటే ఒంటిగంటన్నరే!"

భుజం మీది చెయ్యి కదల్లేదు. "ఒక్కనాడు తప్పలేదా?" అన్నాడు విఠలన్న మెల్లగా. "మధ్యల రెండు బండ్లు పోతుంటే టైము ఎట్ల కలిసింది శీనూ? జర చెప్పు."

ఆయనకు అర్థమైపోయింది. నేను తల దించుకున్నాను.  జంగయ్య నన్నే చూస్తూ దగ్గరికి వచ్చాడు.

"నీకు ఎరుకేనా అన్నా?"

"ఎరుకే."

"ఆమె మెట్ల మీద కూసుంటదని జెప్తి గదన్నా."

అంతే. తిట్టలేదు. బండి తీసుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ నన్ను ఏ సమయమూ అడగలేదు.

విఠలన్న ఆ ఎన్నికలో గెలిచాడు. నేను ఆ మీటింగు జరిగిన వారమే మానేసి ఒక గోదాములో పెట్టెలు లెక్కపెట్టే పనిలో చేరాను. ఆయన పోయినప్పుడు వెళ్ళి పూలదండ వేసి వచ్చాను. ఆయన మీద కోపం లేదా అని అడుగుతారు. ఉంది. ఆయన చేసిన మేలు కూడా ఉంది. ఒకదాంట్లోంచి ఒకటి తీసేయడం నాకు చేతకాలేదు.

నాకు చేతనైన లెక్క ఒకటే. వారానికి రెండుసార్లు, ఇరవై ఆరు వారాలు, ఒక్కోసారి అరగంట. రక్తం శుద్ధి చేయించుకుని నీరసంగా బయటికొచ్చిన ఒక ఆడమనిషి, దవాఖాన మెట్ల మీద ఇరవై ఆరు గంటలు ఎక్కువగా కూర్చుంది. బండ్లు పంపింది విఠలన్న. ఆమె ఎంతసేపు కూర్చోవాలో ప్రతిసారీ పొద్దున్నే లెక్కకట్టి, ఆమె భర్తకు నవ్వుతూ చెప్పినవాణ్ణి నేను.