పసుపు అంటని ట్రే

మా ఫ్యాక్టరీ క్యాంటీన్లో స్టీలు కంచాలు తీసేసి ప్లాస్టిక్ ట్రేలు పెడదామనుకున్నప్పుడు, వాటిని పరీక్షించే పని నాకు అప్పజెప్పారు. నన్నెవరూ మోసం చెయ్యలేరని మేనేజరుగారి నమ్మకం. నిజానికి నాది ఒట్టి అనుమానపు బుర్ర. పాల ప్యాకెట్టు కూడా నాలుగుసార్లు నొక్కి చూసి గాని కొనను.

వ్యాపారి నాలుగు ట్రేలు తెచ్చి, వీటికి పసుపు మరకే అంటదని నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. మధ్యలో ఎవరిచేతో ట్రేలు మార్పించేస్తాడని అనిపించింది. ఎవరికీ చెప్పకుండా నాలుగింటి అడుగునా మార్కరుతో సంతకం పెట్టాను. తర్వాత మేడ మెట్ల మీద నుంచి పడేస్తే, ఒకదాని మూల చిట్లింది. పొద్దున్న కాగే చేపల పులుసు పోసి సాయంత్రం దాకా ఉంచాను. నాలుగూ పచ్చబడ్డాయి. అంట్లు తోమే మల్కాపురం ఆవిడకిచ్చి రోజూ తోమమన్నాను.

వారం తిరిగేసరికి మూడు పచ్చగానే ఉన్నాయి. నాలుగోది తెల్లగా మెరుస్తోంది. గబుక్కున తిప్పి చూశాను. సంతకం లేదు.

ఇంకేముంది, వ్యాపారి ఆవిడను మంచి చేసుకుని ట్రే మార్పించాడని తేల్చేశాను. ఆవిణ్ణి ఒక్క మాటైనా అడగకుండా అందరి ముందూ మేనేజరుగారికి చెప్పాను. సంగతి తేలేదాకా పనిలోకి రావద్దన్నారాయన. వాళ్ళ ఇల్లు ఆవిడ జీతం మీదే నడుస్తుందని నాకు తెలుసు. అయినా జాలి కలగలేదు. దొంగను పట్టుకున్నానని పొంగిపోయాను.

ఆవిడ ఏడవలేదు. ఆ ట్రే అందుకుని, చిట్లిన మూల నా వైపు తిప్పింది.

"నువ్వు మెట్ల మీంచి పడీసిందే కదా బాబూ ఇది. పసుపు మరక ఎండలో ఎడితే పోదేటి? ముందు ఒకటి సూసి, మిగతాయీ ఎడదామనుకున్నాను. అడుగున ఎవులో పిచ్చిగీతలు గీసీసినారు. ఇసకెట్టి తోమీసినాను. నన్నడిగితే నాను సెప్పనా?"

పసుపు అంటిన బట్ట ఎండకు వెలుస్తుందని మా ఇంట్లో పిల్లలకు కూడా తెలుసు. నాకూ తెలుసు.

మేనేజరుగారి ముందే తప్పు ఒప్పుకున్నాను. ఆవిడ మర్నాడే పనిలోకి వచ్చింది. మరక ఎండకు పోతుందని తేలింది గనక ట్రేలూ కొన్నారు. ఇప్పటికీ నేను అటు వెళితే చాలు, తోమిన ప్రతి ట్రేనీ రెండు వైపులా తిప్పి నాకు చూపించి గాని అరలో పెట్టదు. సిగ్గుతో చచ్చిపోతున్నాను, వద్దమ్మా అంటే వినదు.