మా ఆకురాయి బాబాయి

బాబాయి పోయాడని పిన్ని ఫోన్ చేసేసరికి నేను ఫ్యాక్టరీ గేటు దగ్గర హాజరు వేస్తున్నాను. అబద్ధమెందుకు, ముందు నాకు ఏడుపు రాలేదు, విసుగొచ్చింది. మా అమ్మాయికి పాలిటెక్నిక్ ఆప్షన్లు పెట్టే గడువు ఆ వారంలోనే ఉంది. వేసవంతా మా ఇంట్లో ఆ గొడవే. దానికి మూలపురుషుడు ఈయన. తీరా తేల్చాల్సిన సమయానికి నిద్రలోనే జారుకున్నాడు. బతికినన్నాళ్ళూ ఏ పనీ ఒక పట్టాన బాగుందని ఒప్పుకోని మనిషి, ఇది మాత్రం ఇట్టే ముగించేశాడు.

బాబాయి మా నాన్నకి తమ్ముడు. కంచరపాలెంలో రైలు పట్టాలకి అవతల ఇల్లు. ఒక పాలిటెక్నిక్ వర్క్‌షాపులో ఫిట్టింగ్ నేర్పి రిటైరయ్యాడు. ఇనుప ముక్కని వైసులో బిగించి ఆకురాయితో చదునుగా అరగదీయడం, మొదటి ఏడాది పిల్లలకి ఆయన చేయించే పని అదే. అరగదీసిన ముక్కకి మూలమట్టం ఆనించి కిటికీ వైపు ఎత్తి చూసేవాడు. సందులోంచి వెలుతురు కనిపించిందా, ముక్క తిరుగుటపా. ఆయన కంటికి వెలుతురు ఎప్పుడూ కనిపించేది.

ఆ జబ్బు ఇంట్లోనూ వదల్లేదు. నా పెళ్ళిమాటలకని మగపెళ్ళివారింటికి వెళ్ళి, కట్నకానుకల సంగతి వదిలేసి వాళ్ళ టీపాయ్ అంచు మీద బొటనవేలి గోరు పెట్టి గీసి చూశాడు. మా అమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. ఒకసారి అట్టు ఒక పక్క మందంగా ఉందన్నాడని పిన్ని అట్లకాడ ఆయన చేతికిచ్చి వెళ్ళి అరుగు మీద కూర్చుంది. ఆ పూట ఆయన వేసిన అట్లు ఎలా కుదిరాయో ఇద్దరూ ఎవరికీ చెప్పలేదు.

పదో తరగతి రిజల్టులొచ్చాయంటే మా వీధిలో జనం తలుపులు దగ్గరికేసుకునేవారు. ఈయన ఇంటింటికీ తిరిగేవాడు మరి. ఐటీఐ చేసి అప్రెంటిస్‌గా చేరొచ్చు, అక్కణ్ణించి డిప్లొమాకి రావచ్చు, డిప్లొమా అయ్యాక నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో కూర్చోవచ్చు, లేదంటే ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రం కాలేజీకి వెళ్ళొచ్చు. ఈ పాఠం వినని ఇల్లు లేదు. టీ ఇచ్చినా ఆపడు, ఇవ్వకపోయినా ఆపడు. "బండి ఏ పట్టా మీద బయల్దేరిందని కాదర్రా, పట్టా ఎక్కడ మారొచ్చో తెలాల" అనేవాడు. పాపం తల్లిదండ్రులు విసిగిపోయి, ఈయన లేచి వెళ్తే చాలని సరేననేసేవారు. మా వీధిలో సగం ఉద్యోగాలు అలా వచ్చినవే.

నన్నూ అలాగే తోశాడు. వర్క్‌షాపులో నేను అన్న కూతుర్నని ఎవరికీ తెలియనివ్వలేదు. చేతులు బొబ్బలెక్కి చెంచాతో అన్నం తింటుంటే పక్కన కూర్చుని, ఆకురాయి పట్టుకునే తీరే తప్పని వివరించాడు. ఓదార్పు అనేది ఆయన సిలబస్‌లో లేదు. డిప్లొమా అయ్యాక ఆటోనగర్‌లో ఒక ఫ్యాక్టరీలో కొలతలు తనిఖీ చేసే పనిలో చేరాను. పెళ్ళయ్యాక ఈయన పోరు పడలేకే సాయంత్రం కాలేజీలో బీటెక్ కూడా చేశాను. ఇవాళ నేను సంతకం పెట్టనిదే మా సెక్షన్ సరుకు లారీ ఎక్కదు. అది ఆయన చలవే, కాదనను. అంతమాత్రాన ఆయన్ని భరించడం సులువని మీరు అనుకోవద్దు.

ఇంక మా అమ్మాయి సంగతి. అది కూడా మెకానికల్ డిప్లొమాయే చేస్తానంది. నాకు ససేమిరా ఇష్టం లేదు. రేకుల కింద వేసవి ఉక్క, షిఫ్టులు, ఆడవాళ్ళకి బాత్రూం ఎక్కడంటే దిక్కులు చూసే సూపర్‌వైజర్లు, ఇవన్నీ నేను పడ్డవే. దానికి లెక్కలు బాగా వచ్చు. ఇంటర్ చదివి, కంప్యూటర్ల వైపు వెళ్ళి, రుషికొండ ఐటీ ఆఫీసులో ఏసీ గదిలో కూర్చోవాలని నా ఆశ. బాబాయి దానికి వంత పాడతాడని పోట్లాటకి సిద్ధపడే వెళ్ళాను. ఆయన పాడలేదు. ముందు ఒక ముక్క అరగదీసి చూపించమన్నాడు.

వీధి పిల్లలందర్నీ బతిమాలి చేర్పించిన మనిషి, తనంతట తాను చేరతానన్న పిల్లకి పరీక్ష పెట్టాడు. ఆయన పెరట్లో వైసు ఉంది. మా అమ్మాయి రోజూ పొద్దున్నే వెళ్ళేది. ఈయన ముక్క ఎత్తి చూసి మళ్ళీ చెయ్యమనేవాడు. తప్పెక్కడో చెప్పడు. మూతి ముడుచుకుని ఇంటికొచ్చేది. మొదట్లో నాకు లోలోపల సంతోషమే, విసిగి మానేస్తుంది కదా అని. కొన్నాళ్ళకి ఒళ్ళు మండింది. నా పిల్ల పనికి వంకలు పెట్టడానికి ఈయనెవరు? ఒకరోజు నేనే వెళ్ళి ఆ ముక్క చూశాను. రోజూ నేను చేసే తనిఖీయే కదా. బాగుంది. చాలా బాగుంది.

ఆ ముక్క చేత్తో పట్టుకునే ఆయన మీదకి వెళ్ళాను.

"ఇందులో ఏటి తప్పు? సెప్పు" అన్నాను. కోపమొస్తే నాకూ మా ఇంటి మాటే వస్తుంది.

"తప్పేటీ నేదు. మొన్నే బాగా వచ్చీసింది" అన్నాడు తాపీగా.

"మరెందుకు దాన్ని ఏడిపిత్తన్నావు?"

"నాను ముక్కని సూడట్లేదే. తెల్లారి మళ్ళీ వత్తాదా రాదా అని సూత్తన్నాను. మొదటి సారికే సెబాసనిపించుకున్నోలు సానామంది మానీసినారు. మాట పడి మళ్ళీ వైసు కాడికొచ్చినోలే నిలబడ్డారు. ఈ గుంట నిలబడతాది."

ఆ మాటేదో దానితోనే చెప్పి చావమన్నాను. చెప్తాన్లే, తొందరేమిటన్నాడు. చెప్పలేదు. ఆ వారమే పోయాడు.

చావింటికి ఆయన పాత విద్యార్థులు చాలామంది వచ్చారు. పోర్టులో క్రేన్లు చూసేవాడు, సబ్బవరం దగ్గర సొంతంగా లేత్ షెడ్డు పెట్టుకున్నవాడు, కంప్యూటర్‌తో నడిచే మెషిన్లకి ప్రోగ్రాములు రాసే ఒకమ్మాయి. అందరివీ ఫిర్యాదులే. తన ముక్కని ఎన్నిసార్లు వెనక్కి కొట్టాడో చెప్పుకోనివాళ్ళు లేరు. చెప్తూ చెప్తూ కళ్ళు తుడుచుకున్నారు.

వాళ్ళు వెళ్ళాక మా అమ్మాయి నా పక్కన వచ్చి కూర్చుంది. "ఇంటర్లోనే చేరతానమ్మా. తాత ఆఖరికి కూడా బాగుందనలేదు. నాకు చేతకాదనే కదా" అంది. ఏడుస్తూ కాదు, మామూలుగానే అంది.

వేసవంతా నేను ఎదురుచూసిన మాట అది. నేను నోరు మూసుకుంటే చాలు. బాబాయి అన్నది విన్నది నేనొక్కదాన్నే. చూడండి ఆయన చేసిన పని. పిల్లకి చెప్పాల్సిన మాటని, అది చెప్పడం బొత్తిగా ఇష్టం లేని మనిషి దగ్గర పడేసి చక్కా పోయాడు. దండ వేసిన ఫొటో వైపు చూస్తూ మనసులో ఆయన్ని తిట్టని తిట్టు లేదు.

తిట్టడం అయ్యాక చెప్పేశాను. నీ పని ముందే కుదిరిందన్నాడని, నువ్వు నిలబడతావన్నాడని. నిలబడతావన్న మాట రెండుసార్లు చెప్పాను. అంత కోపంలోనూ నాకు ఆయనంటే ఎంత ప్రేమో అప్పుడే తెలిసొచ్చింది.

 అది నా ఫోన్ తీసుకుని మెకానికల్‌ని మొదటి ఆప్షన్‌గా పెట్టి, ఫోన్ నా ఒళ్ళో పెట్టేసి పెరట్లోకి వెళ్ళింది. నాకిప్పటికీ ఇష్టం లేదు. అది వేరే సంగతి.

పెరట్లోంచి ఆకురాయి చప్పుడు మొదలైంది. దినకర్మ అవకుండానే ఈ ఇంట్లో ఇనుప పని ఏమిటని ఒక పెద్దావిడ లేవబోయింది. పిన్ని ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"సెయ్యనీ అక్కా. ఆయన పోయిన కాణ్ణించి ఇల్లు మరీ సప్పుడు నేకుండా ఉంది" అంది.

గోడకి చేరగిలబడి కళ్ళు మూసుకుంది. చప్పుడు ఆగినప్పుడల్లా కళ్ళు తెరిచి పెరటి గుమ్మం వైపు చూస్తోంది. మళ్ళీ మొదలవగానే మూసుకుంటోంది.