చెక్క దిగే చోటు

చంపాపేట్‌లోని తన షెడ్డులో సోమాచారి కోత మిషన్‌లోకి చెక్క తోస్తుంటే, కోసిన చెక్కను అవతల నిలబడి పట్టుకునేది భార్య అనసూయ. పన్నెండేళ్లుగా కొంగు బిగించి, చప్పుడును బట్టే బరువు ఎప్పుడు చేతుల్లోకి దిగుతుందో పసిగట్టేది. ఆమె భుజం పట్టేసి, బరువులు మోయొద్దని డాక్టరు చెప్పాక, అతను ఆమె చోట కోసిన చెక్కను మోయడానికి ఒక బల్ల చేశాడు. మట్టం పెట్టి చూసి, మిషన్ ఎత్తుకు సరిసమానంగా నిలిపి మురిసిపోయాడు. అనసూయ బల్ల అంచు మీద అరచెయ్యి జరిపింది.

"జర దించాలె. చెక్క కొస వంగుకుంట ఒస్తది. గీ అంచుకు తగిలితే ఎదురుతన్ని నీ మీదికే ఒస్తది."

"ఇన్నేండ్లల్ల ఎన్నడన్న తగిలిందా?"

"నా చేతులు కిందికి పెట్టి అందుకుంటుంటి. నువ్వెన్నడన్న ఇటు చూసినవా?"

సోమాచారి చెవి మీది పెన్సిల్ తీసి, ఎవరికీ ఇవ్వని ఆ పెన్సిల్‌ను ఆమె చేతిలో పెట్టాడు.

"బల్ల కాళ్లు ఎంత కొయ్యాల్నో గీత నువ్వే గియ్యి."