ఎడమవైపు అద్దం

టెక్సస్‌లోని ప్లేనోలో మా ఇంటి ముందు డీజిల్ ట్రక్కు ఉండాలన్న కోరిక నాది కాదు, మా ఆవిడది. ఈ మాట చెబితే మా స్నేహితులు ఇప్పటికీ నమ్మరు. ట్రక్కులూ ట్రైలర్లూ మగవాళ్ల సరదాలని వాళ్ల నమ్మకం. నా వరకు కారంటే ఆఫీస్‌కి తీసుకెళ్లి, తిరిగి తీసుకొచ్చేది. అంతే. తనకి అలా కాదు. తాడేపల్లిగూడెం దగ్గర వాళ్ల పెదనాన్నగారికి రైస్ మిల్లు ఉండేది. కాలేజీలో చేరకముందే తను అక్కడ ట్రాక్టర్ నడపడం నేర్చుకుంది. ధాన్యం బస్తాల ట్రాలీని రివర్స్‌లో తీసుకెళ్లి గోడౌన్ గుమ్మానికి ఆనించడం ఆ అమ్మాయికి వచ్చినంత బాగా ఇంకెవరికీ రాదని మా పెళ్లిచూపుల్లోనే వాళ్ల పెదనాన్నగారు చెప్పారు. మా వాళ్లకి అది గొప్ప విషయంగా అనిపించలేదు. నాకు మాత్రం గుర్తుండిపోయింది.

మా అమ్మాయి చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఒకసారి కారేసుకుని కొలరాడో వెళ్లాం. ఒక క్యాంప్‌గ్రౌండ్ పక్కన ఆగి పులిహోర తింటున్నాం. ఒక పెద్దావిడ పొడవాటి క్యాంపర్ ట్రైలర్‌ని రెండు చెట్ల మధ్యకి నెమ్మదిగా వెనక్కి నడుపుతోంది. మా ఆవిడ తినడం ఆపేసి చూస్తూ ఉండిపోయింది.

"ఏమండీ, మనం కూడా ఒకటి కొందామా? లోపలే వంట, లోపలే పడక. ఎక్కడ బాగుంటే అక్కడ ఆగొచ్చు. నేను నడుపుతాను."

"కొందాంలే. ముందు ఆ వీసా సంగతి తేలనీ," అన్నాను.

వీసా సంగతి తేలడానికి చాలా ఏళ్లు పట్టింది. ఈలోగా నా ఉద్యోగం ఒకసారి పోయి ఒకసారి వచ్చింది, ఇల్లు కొన్నాం, పాప మిడిల్ స్కూల్‌కి వచ్చింది. గ్రీన్ కార్డులు చేతికొచ్చిన వారమే ఆవిడ మళ్లీ ఆ మాట ఎత్తింది. ఈసారి నేను వాయిదా వెయ్యలేదు.

ట్రైలర్ ఎంచుకోవడం తేలికగానే అయిపోయింది. చిన్న వంటగట్టు, ఒక మంచం, పాప కోసం వెనకవైపు రెండు అంతస్తుల బెర్తు. అది చూడగానే పాప పైబెర్తు ఎక్కి దిగనంది. చిక్కంతా దాన్ని లాగే బండి దగ్గర వచ్చింది. నేను పెద్ద పెట్రోల్ ఎస్‌యూవీ ఒకటి చూసిపెట్టుకున్నాను. తోలు సీట్లు, టీవీ అంత స్క్రీన్. వారం పొడుగునా ఆఫీస్‌కి వాడుకోవచ్చు, సెలవుల్లో ట్రైలర్ తగిలించుకోవచ్చు అనేది నా వాదన. షోరూమ్‌లో నేను సీట్లు చూస్తుంటే ఆవిడ డ్రైవర్ తలుపు తెరిచి, అంచున అతికించిన స్టిక్కర్ చదువుతోంది. బండి మోయగలిగే బరువెంతో అందులో ఉంటుంది.

"మనం ముగ్గురం ఎక్కి, సామాను పెట్టి, ట్రైలర్ ముందుభాగం బరువు దీని వీపు మీద పడితే ఇంకేమీ మిగలదండీ," అంది.

"కానీ ఇంత బరువు లాగుతుందని రాశారుగా!"

"లాగుతుంది. నా భయం లాగడం గురించి కాదు. కొండ దిగేటప్పుడు వెనకున్న బరువంతా మనల్ని ముందుకి తోస్తుంది. అప్పుడు పట్టుకుని ఆపేది కావాలి. డీజిల్ ట్రక్కులో ఎగ్జాస్ట్ బ్రేక్ ఉంటుంది. యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే ఇంజనే బండిని వెనక్కి పట్టుకుంటుంది. బ్రేకులు కాలిపోవు."

ఆ శనివారం ఒక స్నేహితుడింట్లో భోజనాల దగ్గర ఈ విషయం వచ్చింది. "డీజిలేంటి వదినగారూ, స్కూల్ బస్సు కొంటున్నారా?" అని నవ్వాడతను. "బియ్యం బస్తా తెచ్చుకోడానికి మీ బండి చాలు అన్నయ్యగారూ. నేను ఇల్లు పట్టుకెళ్లాలి," అంది మా ఆవిడ.

కొత్తది మా తాహతుకి మించింది కాబట్టి వాడినదే వెతికాం. ఆ చలికాలం శనివారాలన్నీ దానికే పోయాయి. మొదటి ట్రక్కు చూడ్డానికి తళతళలాడుతోంది. ఆవిడ ముందు బానెట్ మీద అరచెయ్యి పెట్టి చూసి, అమ్మేవాడికి థాంక్స్ చెప్పి వెనక్కి తిరిగింది. "ఇంజన్ వేడిగా ఉందండీ. మనం వచ్చేలోపే స్టార్ట్ చేసి ఉంచాడు. చల్లగా ఉన్నప్పుడు అది ఎలా స్టార్ట్ అవుతుందో మనకి చూపించడం ఇష్టం లేదన్నమాట," అంది కార్‌లో కూర్చున్నాక. రెండోది మంచు బాగా పడే ఊళ్ల నుంచి వచ్చింది. పైన రంగు బాగానే ఉంది. కిందకి దూరి టార్చ్ వేసి చూస్తే ఉప్పు చల్లిన రోడ్లకి చాసిస్ అంతా తుప్పు పట్టి ఉంది.

మూడోది డెంటన్ అవతల గుర్రాలు పెంచే ఒకావిడ దగ్గర దొరికింది. మేం వచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దని మా ఆవిడ ఫోన్‌లో ముందే చెప్పింది. గడ్డి మీద మంచు ఇంకా తెల్లగానే ఉంది. నన్ను వెనక సైలెన్సర్ దగ్గర నిలబెట్టి, పొగ రంగు చూడమంది. తాళం తిప్పింది. ఇంజన్ ఒకసారి గట్టిగా గొంతు సవరించుకుని అందుకుంది. లేత పొగ కాస్త వచ్చి ఆగిపోయింది. దిగి వచ్చి, ఇంజన్ నడుస్తుండగానే ఆయిల్ మూత తీసి, అక్కడ పొగ తన్నడం లేదని చూసుకుంది. ఫోర్ వీల్ డ్రైవ్ వేసి బురదగా ఉన్న పొలంలో ఒక చుట్టు తిప్పింది. తర్వాత మేమే ఒక డీజిల్ గ్యారేజీకి తీసుకెళ్లి, లిఫ్ట్ మీదకి ఎక్కించి పూర్తిగా చూపించాం. ఇంజెక్టర్లు, టర్బో, గేర్‌బాక్స్, బ్రేకులు. అన్నీ బాగున్నాయన్నారు. కొనేశాం. ఇంటికి తనే నడుపుకొచ్చింది. వెనక కార్‌లో వస్తున్న నాకు, సిగ్నల్ పడ్డప్పుడల్లా కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఊపింది.

ఆ వేసవిలో మళ్లీ కొలరాడో బయల్దేరాం, ఈసారి మా ఇల్లు వెంటేసుకుని. న్యూ మెక్సికో చివర రటోన్ కనుమ ఎక్కుతుంటే లారీలు కుడి లేన్‌లో పాక్కుంటూ పోతున్నాయి. మా బండి ఆయాసం లేకుండా ఎక్కింది. పైకి చేరి దిగడం మొదలుపెట్టాక నేను సీటు అంచు పట్టుకుని కూర్చున్నాను. ఆవిడ కాలు తీసేసింది. ఇంజన్ లోగొంతుకతో మూలిగి బండిని పట్టుకుంది. వెనక అంత బరువు ఉన్నట్టే తెలియలేదు. "చూశారా?" అంది నావైపు తిరక్కుండా. వెనక సీట్లోంచి మా అమ్మాయి, "అమ్మా, నువ్వు ఎంత కూల్ తెల్సా? మా ఫ్రెండ్స్ మామ్స్ ఎవరూ ఇట్ల డ్రైవ్ చేయరు," అంది. ఆ పిల్లకి స్కూల్లో సగంమంది తెలంగాణ స్నేహితులు. మాటలు అలాగే కలిసిపోయాయి.

అంత సంతోషం నేను ఆవిడ ముఖంలో అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. పొద్దున్నే తలుపు తెరిచి, మెట్టు మీద కూర్చుని కాఫీ తాగేది. ఎదురుగా కొండలు.

తిరిగొచ్చే ముందు రోజు, క్యాంప్‌గ్రౌండ్‌లో మలుపు తిరుగుతుంటే ఎడమవైపు అద్దం ఒక స్తంభానికి తగిలి పగిలింది. "గోడౌన్ గుమ్మానికి ఆనించిన చెయ్యేనా ఇది?" అని నేను నవ్వాను. తను కూడా నవ్వింది. "బండి వెడల్పు ఇంకా అలవాటు కాలేదండీ," అంది.

ఇంటికొచ్చాక ఎడమ టైరు రోడ్డు మధ్య గట్టుకి రాసుకుంది. హైవే మీద లేన్ మారుతుంటే ఎడమవైపు నుంచి హారన్లు వినబడేవి. "ఎక్కణ్ణుంచి ఊడిపడతారో వీళ్లు!" అని విసుక్కునేది. నేను బండినే అనుమానించాను. ఇంత పెద్ద ట్రక్కు, ఇంత ఎత్తు, పక్కన ఏముందో కనబడదు కదా అనుకున్నాను. ఆ అద్దం తీయించి, ట్రైలర్లు లాగేవాళ్లు వాడే పొడవాటి అద్దాలు పెట్టించాం. వాటికి మూలన గుండ్రటి చిన్న అద్దాలు అతికించాం. అదీ చాలక పక్కల కెమెరాలు పెట్టించాం. బండి ఎడమకి లాగుతోందేమోనని అలైన్‌మెంట్ చూపించాం. చక్రాలు సరిగ్గా ఉన్నాయని చెప్పి పంపారు. తను అంత జాగ్రత్తగా ఎంచుకున్న బండి మీద అనుమానం రావడం నాకే వింతగా అనిపించింది. అంతకుమించి ఆలోచించలేదు. తనూ ఆలోచించలేదు.

ఒక ఆదివారం ఇండియన్ షాపు పార్కింగ్‌లోంచి బయటికి వస్తున్నాం. "అమ్మా, స్టాప్!" అని వెనకనుంచి పాప కేక పెట్టింది. బండి కీచుమంటూ ఆగింది. ముందు బంపర్ ఎడమ మూలకి జానెడు దూరంలో, కూరగాయల కార్ట్ పట్టుకుని ఒకావిడ కొయ్యబారిపోయి నిలబడి ఉంది. దెబ్బేమీ తగల్లేదు. నేను దిగి క్షమించమని అడిగాను. ఆవిడ ఏదో అనబోయి, మా ఆవిడ ముఖం చూసి ఊరుకుని వెళ్లిపోయింది.

మా ఆవిడ తాళం తీసి నా చేతిలో పెట్టి, పక్క సీట్లోకి జరిగింది. సగం దారి వచ్చాక అంది.

"నాకు ఆవిడ కనబడలేదండీ."

"అద్దం కొంచెం సర్దుకుంటే..."

"అద్దంలో కాదు. కళ్లకే కనబడలేదు. అక్కడ ఏదో ఖాళీ ఉంది. ఖాళీ అని కూడా తెలియదు."

కంటి డాక్టర్ దగ్గర ఒక గిన్నెలాంటి మిషన్‌లోకి చూస్తూ, వెలుగు చుక్క కనబడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. గదిలో నేను పక్కనే కూర్చున్నాను. చుక్కలు వస్తున్న చప్పుడు తెలుస్తోంది. బటన్ చప్పుడు మాత్రం చాలాసేపటికి ఒకసారి వస్తోంది. నీటికాసులట, గ్లకోమా అంటారు. నొప్పి ఉండదు, పక్కల నుంచి చూపు నెమ్మదిగా తినేస్తుంది. ఎడమవైపు చాలావరకు పోయింది. ఉన్నదాన్ని చుక్కల మందుతో కాపాడుకోవచ్చు, పోయింది తిరిగి రాదు అని డాక్టర్ మెల్లగా చెప్పింది. ఇంక డ్రైవింగ్ వద్దంది.

పార్కింగ్‌లో కార్ ఎక్కబోతూ మా ఆవిడ ఆగింది. "ట్రక్కుని లిఫ్ట్ ఎక్కించి చూపించాం. మళ్లీ మళ్లీ చూపించాం. అందులో ఒక్కసారి నేను వచ్చి ఆ డాక్టర్ కుర్చీలో కూర్చోవాల్సింది," అంది. నేను కార్ తలుపు తెరిచి పట్టుకున్నాను.

కొన్నాళ్లు ట్రక్కు అలాగే ఉంది. డీజిల్ బండిని కదపకుండా ఉంచకూడదని తనే చెప్పేది కాబట్టి వారానికోసారి హైవే మీద తిప్పుకొచ్చేవాణ్ణి. ట్రైలర్ లాగడం నేర్చుకుందామని ఖాళీ స్కూల్ పార్కింగ్‌లో ప్రయత్నించాను. పక్కన కూర్చుని తను చెబుతుండేది. "స్టీరింగ్ కింద పట్టుకోండి. ట్రైలర్ తోక ఎటు పోవాలంటే చెయ్యి అటు కదపండి. కొంచెం. కొంచెమే!" ట్రైలర్ ప్రతిసారీ విరిగిన మోచెయ్యిలా మడతపడేది. ఎలాగో ఒకసారి టెక్సోమా సరస్సు దాకా తీసుకెళ్లాను. దారి పొడుగునా ఆవిడ కళ్లు మూసుకుని కూర్చుంది. నిద్రపోతోందనుకున్నాను. దిగాక చూస్తే అరచేతుల్లో గోళ్ల గుర్తులున్నాయి.

"అమ్మేద్దామండీ. రోజూ కిటికీలోంచి దాన్ని చూడలేకపోతున్నా," అంది. రెండూ కలిపి అమ్మకానికి పెట్టేశాం.

హ్యూస్టన్ వైపు నుంచి ఒక వరంగల్ జంట వచ్చారు. అబ్బాయి బండి చుట్టూ తిరిగి, "ఇంత మంచిగున్న బండిని ఎందుకు అమ్ముతున్నరు అన్నా?" అని నన్నడిగాడు. నేను తడుముకుంటుంటే మా ఆవిడే, "నాకు చూపు సరిగా లేదమ్మా, నడపలేను," అని చెప్పేసింది. ఆ అబ్బాయి చేతిలోని ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు. బేరం ఆడదామని వచ్చినట్టున్నాడు, ఆడలేదు. అతని భార్య, "అక్కా, ఇది నేను నడపగల్గుతనా?" అని అడిగింది. మా ఆవిడ ఆ అమ్మాయిని డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి, తను పక్కన ఎక్కి, కాలనీ అంతా తిప్పించుకొచ్చింది. చాలాసేపయింది వాళ్లు వచ్చేసరికి. దిగేటప్పుడు ఇద్దరి కళ్లూ తడిగా ఉన్నాయి. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు. ఆ సాయంత్రమే వాళ్లు రెండూ తీసుకుని వెళ్లిపోయారు.

మందు పనిచేస్తోంది. ఉన్న చూపు ఉన్నట్టే నిలబడింది. కానీ ప్లేనోలో డ్రైవ్ చెయ్యలేకపోతే పాలకీ, గుడికీ కూడా ఒకరి మీద ఆధారపడాలి. ఎక్కడికైనా వెళ్లాలంటే ఆవిడ నన్ను ముందురోజే అడుగుతుంది, "మీకు మీటింగులు లేకపోతేనే" అంటూ. ఆ మాట వినడం నాకు అలవాటు కాలేదు.

ఈ మధ్య మా అమ్మాయికి లెర్నర్స్ పర్మిట్ వచ్చింది. పక్కన కూర్చునేవాళ్లకి లైసెన్స్ ఉండాలి కాబట్టి నేనే కూర్చుంటున్నాను. వాళ్లమ్మ వెనక సీట్లో. మొదటి రోజు నా చిన్న సెడాన్‌ని కాలనీలో తిప్పుతూ పాప అంది, "నాన్నా, నేను అమ్మ ట్రక్‌లో నేర్చుకుంటా అనుకున్న. ఎందుకు అమ్మేశారు? నన్ను ఒక్కసారి అడగలే."

నిజమే, అడగలేదు. ఎంచుకోవడానికి ఒక చలికాలమంతా తీసుకున్నవాళ్లం, అమ్మేద్దామనుకున్నాక వారం కూడా ఆగలేదు. నేను వెనక్కి తిరిగి చూశాను. మా ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తోంది.

"సిగ్నల్ వస్తోంది. మెల్లగా బ్రేక్ తొక్కమ్మా," అంది.

పాప మెల్లగానే తొక్కింది.