గంధర్వుడికి కుట్టిన తొడుగు

సిద్దిపేటలో మా పక్కింటి టైలరమ్మ, గంధర్వుడి ప్రేమకథలో కొత్త భాగం కొన్నప్పుడల్లా, మిగిలిన జాకెట్టు గుడ్డతో పుస్తకానికి తొడుగు కుట్టాకే చదివేది. ఆమె మూడో భాగం చదవడం ముగించిన మర్నాడు నేను వెళ్తే, ఆ తొడుగు కుట్లు విప్పుతోంది.

"గిది రాసింది గా రచయిత్రి కాదంట. వాళ్లింట్ల దయ్యమంట," అన్నాను.

నా కోతలకు పడీపడీ నవ్వే మనిషి తలెత్తలేదు.

"మొదటి రెండిట్ల గంధర్వుడు మాటమాటకు గా పిల్లను పేరు పెట్టి పిలిచేటోడక్కా. గీ దాంట్ల అంతా యుద్ధమే. ఒక్కసారి గూడ పేరు పెట్టి పిలువలే."

"ఏ టైలరమ్మా, జాకెట్ అయిందా?" గేటు దగ్గర ఎవరో కేకేశారు. మా గల్లీలో అందరమూ ఆమెను అలాగే పిలిచేవాళ్లం.

"అయింది," అంటూ, విప్పిన గుడ్డను ముక్కల సంచిలో వేసి లేచింది.