బొగ్గు మీసం

ఆ రోజుల్లో గోదావరిఖనిలో మగాడి గుర్తింపు కార్డు ముక్కు కింద ఉండేది. మా నాన్నకు ఉంది, బాబాయిలకు ఉంది, ఇంటర్ తప్పిన మా తమ్ముడికి కూడా ఒత్తుగా, నల్లగా ఉంది. ఇరవై నాలుగేళ్ళు వచ్చి, భూమి కింద గనిలో పర్మినెంటు ఉద్యోగం చేస్తున్న నాకు మాత్రం లేదు. షిఫ్టు అయ్యేసరికి అందరి మొహాలూ బొగ్గుతో నల్లబడేవి కాబట్టి, కింద ఉన్నంతసేపూ నేనూ మగాడినే. పైకొచ్చి స్నానం చేశానా, పదో తరగతి పిల్లాడిని. గేటు దగ్గర కొత్తగా వచ్చిన వాచ్‌మన్ ఒకసారి నన్ను ఆపి, "ఏం బాబూ, మీ నాయినకు టిఫిన్ తెచ్చినవా?" అని అడిగాడు. (డబ్బా నాదే. అందులోని రొట్టెలూ నావే.)

పెళ్ళి సంబంధాలు వచ్చినవి వచ్చినట్టే తిరిగిపోయేవి. "పిల్లగాడు మంచోడే గని, ఇంక చిన్నగ కనవడ్తుండు" అనేవాళ్ళు. అమ్మ ఉండబట్టలేక ఒక ఆదివారం చర్చిలో లేచి నిలబడి ప్రార్థన మనవి చెప్పేసింది. సంఘమంతా కళ్ళు మూసుకుని నా పై పెదవి కోసం ప్రార్థించింది. నేనొక్కణ్ణే కళ్ళు తెరిచి, తలుపు ఎంత దూరంలో ఉందో చూసుకున్నాను. ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, అప్పుడు నేను నిజంగానే ఏదో తక్కువ మనిషినేమోనని లోలోపల భయపడ్డాను.

అలాంటప్పుడు పాస్టరమ్మ బెల్లంపల్లి సంబంధం తెచ్చింది. అమ్మాయి ప్రైవేటు బడిలో టీచరు, తండ్రి గనిలో చేసి రిటైరైనవాడు. ఫొటోలో ఆమె పెదవులు బిగబట్టుకుని ఉంది, కళ్ళు మాత్రం నవ్వు ఆపుకోలేకపోతున్నాయి. ఈ అమ్మాయి కాదంటే ఇంకెవర్నీ చూసేది లేదని అప్పుడే అనుకున్నాను. ఆ మాట నాతో పనిచేసే సలహాల కాకతో అన్నాను. (అడగకుండానే ఇస్తాడు కాబట్టి ఆ పేరు.) కాక టోపీకున్న లైటు నా మొహం మీదికి తిప్పి చూశాడు.

"గిదేం పెద్ద ఫికర్‌రా? దినాం బొగ్గులనే ఉంటివి, మీసానికి ఏడ్సుడేంది? మెత్తగ నూరు, కొబ్బరినూనె కలుపు, పుల్లతోని సన్నగ గియ్యి. దేవుడు గూడ గుర్తువట్టడు!"

"పెండ్లయినంక ఏం జెయ్యాలె కాకా?"

"అప్పటికల్ల మొలుస్తది తియ్."

దేవుడి సంగతేమో గానీ, పెళ్ళిచూపుల రోజు పొద్దున్నే నేను గీసుకున్న మీసాన్ని అమ్మ చూడగానే గుర్తుపట్టింది. పట్టి కూడా, "దేవుడు కాక రూపంల జవాబిచ్చిండు" అని సర్దిచెప్పుకుని బస్సెక్కింది.

అసలే ఎండాకాలం. వాళ్ళింట్లో కూలరుంది, కరెంటు లేదు. నేను పై పెదవి కదలకుండా, అడిగినదానికల్లా "ఊఁ" అంటూ కూర్చున్నాను. వాళ్ళ అవ్వ, "పిల్లగాడు గంభీరంగున్నడు" అని మెచ్చుకుంది కూడా. ఇంతలో అమ్మాయి తల వంచుకుని స్టీలు గ్లాసులో మజ్జిగ తెచ్చింది. ఆ దాహానికి మీసం సంగతే మరిచిపోయి గటగటా తాగేశాను. గ్లాసు దించేసరికి సగం మీసం గ్లాసు అంచుకు అంటుకుని ఉంది, మిగతా సగం గడ్డం మీదికి ప్రయాణం కట్టింది. అమ్మాయి తలెత్తి చూసింది. ఇక ఆగలేదు. ఆ నవ్వుకు పక్కింటావిడ ఏమైందోనని గోడ మీంచి తొంగిచూసింది.

"ఆడివిల్లవు! గంత నవ్వుతరా? మెల్లగ, మెల్లగ!" అని అవ్వ నెత్తి కొట్టుకుంది. మా అమ్మ కొంగుతో మొహం కప్పుకుంది. వాళ్ళ నాన్న మాత్రం లేచొచ్చి, నా గడ్డం మీది నలుపును వేలితో తీసి, నలిపి, వాసన చూశాడు.

"ఏ గని బొగ్గు బిడ్డా ఇది?"

చెప్పాను.

"అనుకున్న. మా బెల్లంపల్లి బొగ్గయితే గిట్ల కారకపోతుండె" అన్నాడు, ఏమాత్రం నవ్వకుండా.

సంబంధం పోయినట్టేనని పెరట్లోకి వెళ్ళి నల్లా కింద మొహం కడుక్కున్నాను. ఏడుపు ఒక్కటే తక్కువ. తలెత్తితే ఆమె తువ్వాలు పట్టుకుని నిలబడి ఉంది.

"మీసం లేకుంటే ఏమైతది?" అంది.

"మగోని లెక్క కనవడనట."

"నేను నవ్వితే ఆడిదాని లెక్క కనవడనట. గిట్ల నవ్వే పిల్ల సంసారం జెయ్యదని పోయిన సంబంధమోళ్ళు చెప్పిపోయిండ్రు. నాతోనైతే నవ్వుడు ఆగది. మీకేమన్న ఇబ్బందా?"

"ఇంకోసారి నవ్వుతరా?" అనడం ఒక్కటే చేతనైంది. నవ్వింది. పక్కింటావిడ మళ్ళీ గోడెక్కింది.

పెళ్ళి ఈ బోడి మొహంతోనే జరిగింది. (వారం తిరక్కుండానే 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది.) నలభై దాటాక ఈమధ్య ఏమైందో, నా పై పెదవి మీద నాలుగు వెంట్రుకలు లేచాయి. గీయకుండా పెంచి, అద్దం ముందు అటు తిరిగి ఇటు తిరిగి మురిసిపోయాను. బడికి తయారవుతూ ఆమె చూసింది.

"తీసెయ్యి" అంది.

"వీటి కోసం ఎంత ఏడ్సిన్నో నీకెర్కనా?"

"ఎర్కే. గని నేను చేసుకున్నది గీ మొఖాన్ని గాదు."

సబ్బు రాసుకుని కూడా ఒక నిమిషం ఆగాను. ఆ ఇరవై నాలుగేళ్ళ పిల్లాణ్ణి ఎక్కడున్నా పిలిచి, "వచ్చినయిరా, ఒక్కసారి చూస్కో" అని చూపించాలనిపించింది. చూపించినట్టే అనుకుని, గీసేశాను.