పెదవి పరీక్ష

ఏ చెంచా చేతికిచ్చినా హిల్లా ముందు దాన్ని పెదవికి ఆనించుకుంటుంది. ఆ ఫిన్లాండ్ పట్టణంలో పుట్టిన ప్రతి బిడ్డకూ కానుకగా వెళ్ళే బర్చ్ కర్ర చెంచా ఎలా ఉండాలో నిర్ణయించి రాయడం, చెక్కిన ప్రతి చెంచానూ పరీక్షించి పనికొస్తుందో లేదో రాయడం ఆమె ఉద్యోగం. గాలికి పడిన చెట్టు కర్రే వాడాలి, అవిసె నూనె తప్ప మరేదీ పూయకూడదు, నునుపంతా కత్తితోనే రావాలి, గరుకు కాగితం ముట్టకూడదు. ఆ చివరి నియమం చెంచాలు చెక్కే తాయిస్తో అనే ముసలాయన పట్టుబట్టి రాయించిందే. రాసిన వాక్యాన్ని హిల్లా వేలితో మళ్ళీ మళ్ళీ తడుముకుంటుంది. తన మాట నమ్మి ఎక్కడో ఒక పసినోరు తెరుచుకుంటుందని ఆమె భయం.

ఈ వసంతం నుంచి ఆమెకు ఇంకో భయం పట్టుకుంది. ముసలాయన చేతులు వణుకుతున్నాయి. ఇవాళ ఆయన కొత్త చెంచా అందిస్తూ, "పాపం, దీనికీ ముద్దుపెట్టే పిల్ల దొరికింది. నాకే లేదు!" అని నవ్వాడు. ఆమె కళ్ళు మూసుకుని పెదవికి ఆనించుకుంది. సన్నటి కర్ర పీచు చురుక్కున దిగింది. ఇది పనికిరాదని రాస్తే నలభై ఏళ్ళుగా ఆయన కూర్చున్న బల్ల రేపటికి ఖాళీ అవుతుంది.

"బాగుందండీ," అంది.

ఆయన నవ్వు ఆపి ఆమె ముఖంలోకి చూశాడు. వణికే చేత్తో జేబురుమాలు తీసి ఇచ్చాడు.

"రక్తం తుడుచుకో అమ్మాయ్. తుడుచుకుని, ఉన్నది రాయి."